జావ ఎందుకు పలుచబడుతుంది, పాకం ఎందుకు గడ్డకడుతుంది: వంటింట్లో స్టార్చ్, చక్కెరల రసాయనం చేసి చూడటం ఎలా

పసిపిల్లలకు రాగి జావ కాచే ప్రతి ఇంట్లో ఒక చిక్కు ఎదురవుతుంది. పిండి కాస్త ఎక్కువ వేస్తే జావ సంకటిలా గట్టిపడి పిల్లాడి గొంతు దిగదు. పలుచన చేస్తే గటగటా తాగేస్తాడు, పొట్టా నిండుతుంది, కానీ లోపలికి వెళ్లింది దాదాపు నీళ్లే. అవే రాగుల్ని మొలకెత్తించి పిండి పట్టిస్తే కథ మారిపోతుంది. రెండింతలు పిండి వేసినా జావ జారుగానే ఉంటుంది, పంచదార వేయకముందే నాలుకకు కొంచెం తీపి తగులుతుంది. రాగులు అవే, నీళ్లు అవే. మారిందల్లా పిండిలో ఉన్న ఒక అణువు పొడవు.

ఆ పొడవు సంగతి చేత్తో చేసి, కంటితో చూసి తెలుసుకోవడానికే ఈ వ్యాసం. మెడికల్ షాపులో దొరికే ఒక సీసా, వంటింట్లో ఎప్పుడూ ఉండే సరుకులు చాలు. మాల్ట్ పిండికి, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండికి, మాత్రం నాలుగైదు రోజులు పడుతుంది కాబట్టి రాగులు ఈ రాత్రే నానబెట్టేసి, మిగతావి ఈలోపు చేసుకోండి.

ముందు సామాన్లు

బెటాడిన్ ద్రావణం ఒక చిన్న సీసా తెచ్చుకోండి. ఆయింట్‌మెంట్ కాదు, నీళ్లలా ఉండేదే కావాలి. అందులో ఉన్నది పొవిడోన్ అయోడిన్. ఒక చెంచా ద్రావణానికి పది చెంచాల నీళ్లు కలిపితే లేత గోధుమరంగులోకి వస్తుంది, మనకు ఆ మాత్రం చాలు. ఒక డ్రాపర్, రెండు మూడు తెల్ల పింగాణీ సాసర్లు, ఒక గాజు గ్లాసు తీసుకోండి. వంటకు వాడే థర్మామీటర్ ఉంటే చాలా మంచిది, అది 200 డిగ్రీల దాకా చూపించేదై ఉండాలి. జ్వరం చూసే థర్మామీటర్‌ని పాకంలో పెట్టకండి, పగులుతుంది.

జాగ్రత్త ఒక్కటే. అయోడిన్ చుక్క పడినదేదీ నోట్లోకి వెళ్లకూడదు. పరీక్ష సాసర్లు, చెంచాలు వేరుగా పెట్టుకోండి. పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కన ఉండండి. బట్టల మీద పడితే మరక ఒక పట్టాన వదలదు, పాత చొక్కా వేసుకుని కూర్చోవడం మేలు.

ముందుగా నాలుగు పేర్లు

గ్లూకోజ్ అణువులో 6 కార్బన్, 12 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. పండ్లలో, తేనెలో ఉండే ఫ్రక్టోజ్‌లోనూ సరిగ్గా అన్నే ఉంటాయి. అమరిక వేరు, అంతే. కానీ ఆ అమరిక వల్లే గ్లూకోజ్ మన పంచదార కన్నా తక్కువ తియ్యగా, ఫ్రక్టోజ్ ఎక్కువ తియ్యగా ఉంటాయి. ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ చేతులు కలిపి, కలిసేటప్పుడు ఒక నీటి అణువును వదిలేస్తే వచ్చేది సుక్రోజ్. డబ్బాలో ఉన్న పంచదార అదే. రెండు గ్లూకోజులు కలిస్తే మాల్టోజ్. మొలకెత్తిన ధాన్యంలో వచ్చే తీపిలో పెద్ద వాటా దీనిదే. పంచదార తీపితో పోలిస్తే ఇది సగం కూడా ఉండదు, అందుకే మాల్ట్ జావ పాయసంలా తియ్యగా ఉండదు.

ఇక స్టార్చ్. పాఠ్యపుస్తకాల్లో పిండి పదార్థం అని రాస్తారు. ఇది గ్లూకోజ్ పూసల దండ. వందల్లో, వేలల్లో పూసలు. కొన్ని దండలు కొమ్మలు లేకుండా బారుగా సాగుతాయి, వాటిని అమైలోజ్ అంటారు. కొన్ని చెట్టులా కొమ్మలు వేస్తాయి, వాటిని అమైలోపెక్టిన్ అంటారు. మామూలు ధాన్యాల్లో, దుంపల్లో నాలుగో వంతు అటూఇటుగా అమైలోజ్, మిగతాది అమైలోపెక్టిన్. ఈశాన్య రాష్ట్రాల్లో తినే జిగురు బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు, అందుకే ఆ అన్నం ముద్దలా అంటుకుంటుంది. మన సాంబమసూరి అన్నం పొడిపొడిగా రావడంలో అమైలోజ్‌దే పెద్ద పాత్ర. బియ్యం రకం మారితే ఎసరు లెక్క మారడానికి కూడా ఇదొక కారణం.

గ్లూకోజ్ విడిగా ఉంటే తీపి తెలుస్తుంది. దండలో గుచ్చి ఉంటే నాలుక దాన్ని పసిగట్టలేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చేసే ప్రతి పనీ దానంతట అదే అర్థమవుతుంది.

మొదటి పని: అయోడిన్ చుక్క

సాసర్‌లో పచ్చి బంగాళదుంప ముక్క, కొంచెం అన్నం, కొంచెం పంచదార, ఒక వేరుశెనగ గింజ విడివిడిగా పెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో చుక్క వేయండి. బంగాళదుంప, అన్నం క్షణాల్లో నల్లని నీలిరంగుకు తిరుగుతాయి. పంచదార మీద చుక్క గోధుమరంగులోనే ఉండిపోతుంది. వేరుశెనగలో నూనె, ప్రొటీన్ ఎక్కువ, స్టార్చ్ తక్కువ కాబట్టి దాని రంగు అంత ముదురుగా రాదు.

ఇక్కడ జరిగేది ఇదీ. బారుగా ఉన్న అమైలోజ్ దండ నీళ్లలో స్ప్రింగులా మెలి తిరుగుతుంది. ఆ మెలికల మధ్య గొట్టంలాంటి ఖాళీలోకి అయోడిన్ పరమాణువులు వరుసగా దూరిపోతాయి. అలా వరుస కట్టిన అయోడిన్‌కే నీలిరంగు వస్తుంది. కొమ్మలున్న అమైలోపెక్టిన్‌లో అంత పొడవైన మెలికలు కుదరవు, అందుకే దానితో ఎరుపు కలిసిన ఊదారంగు వస్తుంది. అయోడిన్‌ని బెర్నార్డ్ కూర్త్వా 1811లో ఫ్రాన్స్‌లో కనుక్కున్నాడు. స్టార్చ్‌తో దానికి వచ్చే ఈ రంగు సంగతి 1814కల్లా అచ్చులోకి ఎక్కింది. రెండు వందల ఏళ్లు దాటినా బడి ప్రయోగశాలల్లో ఇంకా అదే పరీక్ష నడుస్తోంది.

ఇప్పుడు పచ్చి అరటికాయ ఒకటి, దోర అరటి ఒకటి, బాగా మగ్గిన పండు ఒకటి అడ్డంగా కోసి వరుసగా పెట్టి చుక్కలు వేయండి. కాయ మొత్తం నల్లబడుతుంది. దోరదానిలో మచ్చలు మచ్చలుగా వస్తుంది. మగ్గిన పండు దాదాపు రంగు మారదు. కాయలో ఉన్న స్టార్చ్ దండలన్నీ పండేలోపు తెగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సుక్రోజ్‌లుగా మారిపోయాయి. ఆపిల్ తోటల్లో కోతకు సమయం అయిందో లేదో చూడటానికి కాయను కోసి ఇదే అయోడిన్ పూస్తారు.

ఇంట్లో ఇంకో ఉపయోగం ఉంది. పనీరులో, కోవాలో, పాలలో చిక్కదనం కోసం పిండి కలిపారన్న అనుమానం ఉంటే, కొంచెం తీసుకుని నీళ్లతో మరిగించి, పూర్తిగా చల్లారాక రెండు మూడు చుక్కలు వేయండి. నీలం తిరిగితే స్టార్చ్ ఉన్నట్టే. చల్లారాక అన్న మాట ముఖ్యం, ఎందుకో కిందే తెలుస్తుంది. పసుపులో మాత్రం ఈ పరీక్ష చేయకండి, పసుపు కొమ్ములోనే సహజంగా స్టార్చ్ ఉంటుంది. అమాయకుడైన కిరాణా షాపాయన మీద నింద వేసినవాళ్లం అవుతాం.

రెండో పని: గంజి

ఒక చెంచా బియ్యప్పిండిని గ్లాసు చన్నీళ్లలో కలపండి. నీళ్లు తెల్లబడతాయి, కాసేపు వదిలేస్తే పిండి అడుగుకు దిగుతుంది. కలిసిపోలేదు, తేలాడిందంతే. స్టార్చ్ దండలు గింజలో విడిగా ఉండవు, సన్నని రేణువుల్లో బిగుతుగా చుట్టుకుని ఉంటాయి. చన్నీళ్లు ఆ బిగువును విడదీయలేవు.

ఇప్పుడు దాన్ని సన్నని సెగ మీద కలుపుతూ వేడి చేయండి. 60 డిగ్రీలు దాటే వరకు పెద్దగా ఏమీ జరగదు. 65 నుంచి 75 మధ్యలో ఒక్కసారిగా గరిటెకు బరువు తెలుస్తుంది, తెలుపు పోయి గాజులా మెరుస్తుంది. ఆ వేడికి రేణువుల్లో దండల మధ్య పట్టు సడలింది, నీళ్లు లోపలికి చొరబడ్డాయి, రేణువులు ఉబ్బి ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. కొన్ని అమైలోజ్ దండలు బయటికి జారి నీళ్లలో కలిశాయి. అన్నం వార్చిన గంజిలో ఉండేది ప్రధానంగా ఇదే.

పిండిని నేరుగా మరుగుతున్న నీళ్లలో పోస్తే ఉండలు ఎందుకు కడుతుందో ఇప్పుడు తేలిగ్గా ఊహించొచ్చు. ఉండ పైపొర క్షణంలో ఉడికి జిగురుగా మూసుకుపోతుంది, లోపలి పొడిపిండికి నీళ్లు అందవు. ముందు చన్నీళ్లలో కలిపి పోయమని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. పులుసులో చిక్కదనానికి బియ్యప్పిండి కలిపేది కూడా దించే ముందే. చింతపండు పులుపులో ఎక్కువసేపు మరిగితే ఆమ్లం స్టార్చ్ దండల్ని అక్కడక్కడా తెంపుతుంది, చిక్కబడిన పులుసు మళ్లీ పలుచబడుతుంది.

ఈ గంజిని ఇంకా పలుచన చేసి, గాజు గ్లాసులో పోసి, చల్లారాక ఒక చుక్క అయోడిన్ వేయండి. చక్కని నీలం వస్తుంది. ఆ గ్లాసును బాగా వేడినీళ్లున్న గిన్నెలో నిలబెట్టండి. నీలం మెల్లగా పాలిపోయి మాయమవుతుంది. బయటికి తీసి చల్లారనిస్తే మళ్లీ వస్తుంది. వేడికి మెలికలు విప్పుకుని అయోడిన్ జారిపోయింది, చల్లబడగానే మళ్లీ మెలి తిరిగి పట్టుకుంది. వేడి పాలలో పిండి పరీక్ష చేస్తే తప్పుడు ఫలితం వచ్చేది ఇందువల్లే.

గంజి ఆరితే అమైలోజ్ దండలు పక్కపక్కన సర్దుకుని పలచని గట్టి పొరగా మారతాయి. నేత చీరకు గంజి పెడితే నిలబడేది ఆ పొర వల్లే. దాన్ని తినే వంటగా మార్చిన ఘనత మాత్రం ఆత్రేయపురం వాళ్లది. పలచటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కింద మంట పెట్టిన బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగుతారు. గుడ్డ దాటిన క్షణంలోనే స్టార్చ్ ఉడకడం, ఆరడం, కాగితంలా లేచిరావడం అన్నీ అయిపోతాయి. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నన్నడిగితే ఆ రేకులాంటి స్టార్చ్ పొర ఇంకే వంటలోనూ లేదు.

చల్లారితే ఏమవుతుంది

ఇది త్వరగా చెప్పేస్తాను. ఉడికిన స్టార్చ్ చల్లారితే దండలు మళ్లీ దగ్గరికి చేరి గట్టిపడతాయి. రాత్రి మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెడితే పలుకు పలుకుగా మారేది అందుకే, ఫ్రైడ్ రైస్‌కి ఆ అన్నమే బాగుంటుంది. బ్రెడ్‌ని ఫ్రిజ్‌లో పెడితే బయట ఉన్నదానికన్నా త్వరగా ఎండినట్టు అవుతుంది, ఎందుకంటే ఈ సర్దుబాటు ఆ చలికే జోరుగా జరుగుతుంది. బూజు పట్టకుండా నాలుగు రోజులు దాచాలంటే డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, కావాల్సినప్పుడు వేడి చేసుకోండి. ఇలా గట్టిపడిన స్టార్చ్‌లో కొంత భాగం అంత తేలిగ్గా అరగదు. అంతమాత్రాన చల్లారిన అన్నం తింటే షుగర్ పెరగదని నమ్మి రెండు ప్లేట్లు లాగించకండి, తేడా కొంచెమే.

మూడో పని: దండను తెంపడం

అన్నిటికన్నా సులువైన కత్తెర మీ నోట్లోనే ఉంది. ఒక ముద్ద ఉత్త అన్నం నోట్లో పెట్టుకుని, మింగకుండా రెండు మూడు నిమిషాలు నములుతూ ఉండండి. మొదట చప్పగా ఉన్నది నెమ్మదిగా తియ్యబడుతుంది. లాలాజలంలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది స్టార్చ్ దండను మధ్యమధ్యలో తెంపి మాల్టోజ్, ఇంకా చిన్నాచితకా ముక్కలు చేస్తుంది.

ఈ తెంపే పనిని రసాయనంగా మొదట చేసి చూపినవాడు కిర్కాఫ్. 1811లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్టార్చ్‌ని పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మరిగించి తియ్యటి పాకం తీశాడు. 1833లో ఫ్రాన్స్‌లో పాయెన్, పెర్సోజ్ అనే ఇద్దరు మొలకెత్తిన బార్లీ రసంలోంచి స్టార్చ్‌ని తెంపే పదార్థాన్ని ఆల్కహాల్‌తో వేరు చేశారు. విడదీసి చూసిన మొదటి ఎంజైమ్ అదే. మనం రాగులతో చేయబోయేదీ ఆ పనే, ఆల్కహాల్ అక్కర్లేకుండా.

గింజ మొలకెత్తేటప్పుడు మొక్కకు తిండి కావాలి. దాచుకున్న స్టార్చ్‌ని తెంపి వాడుకోవడానికి గింజే అమైలేజ్ తయారు చేసుకుంటుంది. మొలక అంగుళంలో పావు వంతు వచ్చేసరికి ఎంజైమ్ బాగా పోగవుతుంది, స్టార్చ్ ఇంకా పెద్దగా ఖర్చయి ఉండదు. సరిగ్గా అక్కడ ఆపి ఎండబెట్టాలి. చిరుధాన్యాల్లో ఈ పనికి రాగులు బాగా పనికొస్తాయని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థలో మల్లేశి, దేశికాచార్ 1980ల్లో పని చేసి చూపారు.

అరకిలో రాగులు తీసుకుని రాళ్లు, మట్టి పోయేదాకా నాలుగైదు నీళ్లు మార్చి కడగండి. పైకి తేలిన తాలు తీసేయండి. రాత్రంతా, అంటే పది పన్నెండు గంటలు నానబెట్టండి. పొద్దున నీళ్లు వంపేసి తడి నూలు గుడ్డలో మూటకట్టి, జల్లెడలోనో చిల్లుల గిన్నెలోనో పెట్టి పైన మూత వేయండి. మూట మరీ బిగించొద్దు, గింజలకు గాలి ఆడాలి. పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరించి, ఒకసారి గింజల్ని కలిపి మళ్లీ కట్టండి. మూట మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. లోపల స్టార్చ్ ఖర్చవుతోందనడానికి అది గుర్తు. వేసవిలో ఒకటిన్నర రోజు, చలికాలంలో రెండు రోజులు చాలు. పుల్లటి వాసన వచ్చినా, జిగట పట్టినా, బూజు కనిపించినా మొత్తం పారేయండి. పిల్లలకు పెట్టేదాని విషయంలో మొహమాటం వద్దు.

మొలకలొచ్చిన రాగుల్ని గుడ్డ మీద పలచగా పరిచి, గాలి తగిలేలా ఆరబెట్టి, తర్వాత ఎండలో గలగలలాడే దాకా ఎండబెట్టండి. రెండు అరచేతుల మధ్య నులిమితే ఎండిన మొలకలు రాలిపోతాయి, చేటతో చెరిగేయండి. తర్వాత చాలామంది ఘుమఘుమలాడేదాకా వేయిస్తారు. వాసన బాగుంటుంది నిజమే, కానీ ఇంత శ్రమపడి తయారు చేసుకున్న ఎంజైమ్ ఆ మూకుట్లోనే చచ్చిపోతుంది. సన్నని సెగ మీద చెయ్యి పెడితే ఓర్చుకునేంత వేడి వరకే ఆపండి. ఎక్కువ వేయించిన వాసనే కావాలంటే సగం అలా, సగం ఇలా చేసి కలుపుకోండి. మర పట్టించి, జల్లించి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి.

జావ కాచడంలోనూ ఒక కిటుకు ఉంది. మాల్ట్ పిండిని మరిగే నీళ్లలో వేస్తే ఎంజైమ్ పని మొదలుపెట్టకముందే పోతుంది. చన్నీళ్లలో కలిపి, సన్నని సెగ మీద నెమ్మదిగా వేడి చేసి, 60-65 డిగ్రీల దగ్గర సెగ కట్టేసి పది నిమిషాలు మూత పెట్టండి. థర్మామీటర్ లేకపోతే, గిన్నె అంచుల్లో సన్నని బుడగలు రాకముందే, వేలు ముంచితే క్షణం కూడా ఉంచలేని వేడి దగ్గర ఆపితే సరిపోతుంది. తర్వాత బాగా మరగనివ్వండి. ఈ చివరి మరుగు తప్పనిసరి, తడిలో రెండు రోజులున్న గింజల మీద సూక్ష్మజీవులూ పెరిగి ఉంటాయి. మామూలు బియ్యప్పిండి జావనో రాగి జావనో గట్టిగా కాచి, కొంచెం చల్లారాక ఒక చెంచా మాల్ట్ పిండి కలిపి చూడండి. గరిటె నిలబడే జావ కళ్ల ముందే జారుగా మారుతుంది. దాన్నీ మళ్లీ మరిగించాకే పిల్లలకు పట్టాలి.

రంగు మార్పు చూడాలనుకుంటే రాగి పిండి గోధుమరంగు అడ్డొస్తుంది. కాబట్టి ఒక చెంచా మాల్ట్ పిండిని అర గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో పావుగంట ఉంచి, పలచటి గుడ్డలో వడకట్టి ఆ తేట నీళ్లు తీసుకోండి. అందులో సగం మరిగించి చల్లార్చి వేరే గిన్నెలో పెట్టండి. రెండు గ్లాసుల్లో సమానంగా వెచ్చటి బియ్యం గంజి పోసి, ఒకదానిలో మరిగించని తేట, రెండోదానిలో మరిగించిన తేట రెండేసి చెంచాలు కలపండి. రెండు మూడు నిమిషాలకోసారి ఒక్కో గ్లాసులోంచి ఒక్కో చుక్క సాసర్ మీద వేసి, పక్కనే అయోడిన్ చుక్క కలపండి. మొదటి గ్లాసు చుక్కలు వరుసగా నీలం, ఊదా, ఎర్రటి గోధుమ, చివరికి అయోడిన్ సొంత రంగు దాకా దిగుతాయి. దండలు పొట్టివైపోతున్న కొద్దీ అయోడిన్‌కు దూరే చోటు తగ్గుతోంది. రెండో గ్లాసు చుక్కలు మాత్రం నీలంగానే ఉంటాయి, మరిగించినప్పుడే ఎంజైమ్ పోయింది కదా. ఈ సాసర్‌ని ఒక్కసారి చూసిన పిల్లలకు ఎంజైమ్ పాఠం వేరే చెప్పక్కర్లేదు. నిమ్మరసం మాత్రం దగ్గరికి రానివ్వకండి. అందులోని విటమిన్ సి అయోడిన్ రంగును విరిచేస్తుంది, స్టార్చ్ పోయిందని పొరబడతారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మొలకెత్తిందంటే షుగర్ ఉన్నవాళ్లకు మంచిదని ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. మాల్ట్ జావ అలాంటిది కాదు. దండలు ముందే తెగి ఉన్నాయి కాబట్టి అది ఇంకా త్వరగా అరిగి రక్తంలోకి చేరుతుంది. అది ఆరు నెలలు దాటిన పిల్లలకు, జ్వరం నుంచి కోలుకునేవాళ్లకు, నమిలి తినలేని పెద్దవాళ్లకు తగిన తిండి. షుగర్ ఉన్న తాతయ్యకు రోజూ గ్లాసుడు ఇవ్వాలనుకుంటే డాక్టర్‌ని అడిగి ఇవ్వండి.

చిలగడదుంప లేదా గెణుసుగడ్డ తీపి కూడా ఈ కోవలోదే. ఆ దుంపలో పుట్టుకతోనే స్టార్చ్‌ని మాల్టోజ్‌గా తెంపే ఎంజైమ్ ఉంటుంది, 75 డిగ్రీల దాకా అది పని చేస్తూనే ఉంటుంది. నివురుగప్పిన బొగ్గుల్లో నెమ్మదిగా కాలిన దుంపకు ఆ సమయం దొరుకుతుంది. మైక్రోవేవ్‌లో నాలుగు నిమిషాల్లో ఉడికినదానికి దొరకదు. రెండూ పక్కపక్కన తిని చూడండి.

నాలుగో పని: పాకం

ఇప్పుడు దండ కాదు, రెండు పూసల సుక్రోజ్‌తో పని. ఒక కప్పు పంచదార, అరకప్పు నీళ్లు అడుగు మందంగా ఉన్న గిన్నెలో పెట్టి, పంచదార పూర్తిగా కరిగేదాకా మాత్రమే కలపండి. మరగడం మొదలైతే గరిటె పక్కన పెట్టేయండి.

పాకంలో నీళ్లు తగ్గేకొద్దీ అది మరిగే వేడి పెరుగుతుంది, అందుకే వేడి చూస్తే చిక్కదనం తెలిసిపోతుంది. 105 దాటాక వేళ్ల మధ్య తీగ సాగడం మొదలవుతుంది, మైసూర్‌పాక్‌కి, బర్ఫీకి ఆ దగ్గర ఆపుతారు. 112-116 మధ్య చన్నీళ్లలో వేసిన చుక్క వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తని ఉండ అవుతుంది. అరిసెలకు బెల్లం పాకంలో చూసే గుర్తు ఇదే. అప్పటికి పాకంలో వందకు 85 వంతులు చక్కెరే. 145 దాటితే నీళ్లలో పడ్డ చుక్క గాజులా బిగుసుకుని, పళ్లెం అంచు మీద కొడితే టంగుమంటుంది. పల్లీ చిక్కీకి అది కావాలి. ఇక మిగిలిన నీళ్లు నామమాత్రం. 160 దాటితే సుక్రోజ్ అణువులే విరిగి, కొత్త పదార్థాలుగా మారి, రంగు, చిరుచేదు వస్తాయి. ఈ చివరి దశల్లో పాకం నుంచి కన్ను తిప్పకండి. 150 నుంచి 170కి వెళ్లడానికి ఫోన్ ఎత్తి హలో అన్నంత సేపు చాలు, పైగా అది చర్మం మీద పడితే వేడినీళ్లలా జారిపోదు, అతుక్కుని కాలుస్తుంది.

పాకం పొద్దుటికి గడ్డకట్టి గులాబ్ జామూన్ చుట్టూ పంచదార పలుకులు తేలడం చాలా ఇళ్లలో జరిగేదే. చిక్కటి పాకంలో సుక్రోజ్ అణువులు కిక్కిరిసి ఉంటాయి. గిన్నె అంచున ఎండిన ఒక్క పలుకు లోపల పడినా, చల్లారేటప్పుడు గరిటెతో కెలికినా, ఆ పలుకు మీద మిగతావన్నీ ఒకే అమరికలో పేరుకుంటాయి. ఆపడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, మరిగేటప్పుడు గిన్నె అంచుల్ని తడి గుడ్డతోనో కుంచెతోనో తుడవడం. రెండోది, కప్పు పంచదారకు అరచెంచా నిమ్మరసం మొదట్లోనే వేయడం. ఆమ్లంలో మరిగిన సుక్రోజ్‌లో కొంత భాగం నీటి అణువును తీసుకుని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది. ఈ వేరే ఆకారాలు మధ్యలో అడ్డం పడుతుంటే సుక్రోజ్ వరుస కట్టలేదు.

నమ్మకం కుదరకపోతే మెడికల్ షాపులో మూత్రంలో గ్లూకోజ్ చూసే స్ట్రిప్పులు అడగండి. అవి గ్లూకోజ్‌కే రంగు మారతాయి, సుక్రోజ్‌కి మారవు. ఉత్త పంచదార నీళ్లలో ఒకటి ముంచండి. నిమ్మరసం వేసి పావుగంట మరిగించిన పంచదార నీళ్లను చల్లార్చి, పులుపు విరగడానికి చిటికెడు వంటసోడా వేసి, బాగా పలుచన చేసి రెండోది ముంచండి.

బెల్లం పాకం అంత సులువుగా పలుకు కట్టకపోవడానికి కూడా కారణం ఇదే. చెరకు రసం గంటల తరబడి మరిగేటప్పుడు కొంత సుక్రోజ్ దానంతట అదే విడిపోయి ఉంటుంది. అయితే విడిపోవడం మరీ ఎక్కువైతే బెల్లం దిమ్మ కట్టదు, అందుకే అనకాపల్లి వైపు గానీ మరెక్కడ గానీ వండేవాళ్లు రసంలో కాస్త సున్నం వేసి పులుపు విరుస్తారు. వానాకాలంలో బెల్లం చెమ్మగిల్లేది అందులోని ఫ్రక్టోజ్ గాలిలోని తేమను లాక్కోవడం వల్ల. కొనేటప్పుడు అరిసెలకైతే గట్టిగా, విరిస్తే పలుకుగా విరిగే బెల్లం చూసుకోండి. మెత్తగా సాగే బెల్లంతో అరిసెల పాకం ఎంతకీ కుదరదు.

కోవా బర్ఫీకి, మైసూర్‌పాక్‌కి మాత్రం పలుకు కట్టాల్సిందే, కాకపోతే నాలుకకు తగలనంత సన్నగా. కాబట్టి అక్కడ నిమ్మరసం వేయకండి, పాకం దగ్గరపడేటప్పుడు ఆపకుండా కలపండి. ఎంత కలిపితే అన్ని చోట్ల ఒకేసారి పలుకులు పుట్టి, ఏదీ పెద్దది కాకుండా ఉంటుంది.

ఇప్పటికే గడ్డకట్టిన పాకం ఉంటే పారేయకండి. జామూన్లు పక్కకు తీసి, కప్పు పాకానికి పావు కప్పు నీళ్లు, నాలుగు చుక్కల నిమ్మరసం పోసి, ఒక్క పలుకు కూడా మిగలకుండా కరిగేదాకా కాచి, వేడిగా ఉండగానే జామూన్లు మళ్లీ వేయండి.